పెసరట్టుకు పది నిమిషాలు

మూడు నిమిషాల పెసరట్టు కోసం శనివారం పొద్దున్న పది నిమిషాలు నిలబడ్డాను. జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియా స్టేషన్ దగ్గర అప్ప టిఫిన్ బండి మీకు తెలిసిందే: ఒకే మనిషి, ఒకే పెనం. నా వెనకాల వచ్చినవాడు టీ తాగి వెళ్లిపోయాడు. ఆ వెనకవాడు ఇడ్లీ తిని చెయ్యి కడుక్కున్నాడు. నేనింకా పొగ పీలుస్తున్నాను.

‘సగటున నాలుగు నిమిషాలేగా సార్’ అన్నాడు పక్కనున్న కుర్ర ఇంజనీరు. సగటు మాటెత్తితే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ప్రెస్ కింద చెయ్యి పడ్డవాడికి ఆ మిషన్ సగటున వెంటనే ఆగుతుందంటే ఏం లాభం? దాని కంట్రోలర్‌దీ అప్ప బతుకే. ఒకే ప్రాసెసర్, బోలెడు పనులు, ఒక్కోదానికీ ఒక గడువు.

జేబులో ఉన్న పాత బిల్లు వెనక లెక్క వేశాను. టీ నాలుగు నిమిషాలకొకటి, పని ఒక నిమిషం. ఇడ్లీ ప్లేటు ఆరింటికొకటి, రెండు నిమిషాలు. పెసరట్టు పన్నెండింటికొకటి, మూడు నిమిషాలు. టీ ముందు, పెసరట్టు ఆఖరు. పన్నెండు నిమిషాల్లో పది నిమిషాల పని, అంటే 83 శాతం. ఒకే ప్రాసెసర్ మీది పనుల గురించి లియూ, లేలాండ్ 1973లో ఇచ్చిన సూత్రం మూడు పనులకైతే 78 శాతం దాకానే గడువు తప్పదని హామీ పడుతుంది. ఆ పైన ఔననదు, కాదనదు. ఆ పై సంగతి తేల్చే లెక్కను మథాయ్ జోసెఫ్, పరితోష్ పాండ్య 1986లో ప్రచురించారు. ఇద్దరూ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో పనిచేసినవాళ్లే. టాటా పేరు వింటే ఇక్కడ ఛాతీ ఉబ్బుతుంది కనక చెబుతున్నాను.

అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయనుకోండి. నా మూడు నిమిషాలకు ఒక టీ, ఒక ఇడ్లీ కలిపితే ఆరు. ఆరులోపు ఇంకో టీ వస్తుంది, ఏడు. ఏడులోపు ఇంకో ఇడ్లీ, తొమ్మిది. తొమ్మిదిలోపు మూడో టీ, పది. పదిలోపు కొత్తగా ఎవరూ రారు, లెక్క నిలిచింది. నా గడియారమూ పదే చెప్పింది!

‘అన్నీ ఒక్కసారే ఎందుకొస్తాయి సార్, ఉత్త బెదిరింపు లెక్క’ అన్నాడు కుర్రాడు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ని. కానీ ఇది షిఫ్టుల ఊరు. డ్యూటీ దిగినవాడూ ఎక్కేవాడూ ఒకే గంటకు ఈ బండి ముందుంటారు. పుస్తకాల్లో అరుదైన ఆ క్షణం ఇక్కడ రోజూ టైముకే వస్తుంది.

గెలిచిన ఉత్సాహంలో బిల్లు అప్పకు చూపించాను. పెసరట్టుకు పది నిమిషాలని ముందే చెప్పెయ్, టీ అడిగినప్పుడల్లా అట్టు ఆపుతావు కదా అన్నాను.

‘పెనం మీద పిండి ఏసేసినాక మద్దిలో టీకెల్తే అట్టు మాడిపోదా బాబూ?’

నోట మాట రాలేదు. నా లెక్కలో అట్టును ఎక్కడంటే అక్కడ ఆపి మళ్లీ ఎత్తుకోవచ్చు. పెనం ఒప్పుకోదు. పిండి పడ్డాక ఆగాల్సింది టీవాడే, అదీ మూడు నిమిషాలు. తన నిమిషం కలిపితే నాలుగు, అప్పటికి తర్వాతి టీవాడు వచ్చి నిలబడతాడు.

అలాగైతే నా అట్టు మూడో నిమిషంలో పెనమెక్కి ఆరో నిమిషానికి దిగాలిగా, పది ఎందుకైందప్పా అన్నాను.

అప్ప నవ్వింది. ‘నీ అట్టు సంగతి మర్సిపోనాను బాబూ.’