సూత్రం ఎక్కడ పనిచేయదు?

అమెరికాలో ఆగస్టు, లండన్‌లో సెప్టెంబరు. విశ్వవిద్యాలయాల్లో అసలు తరగతులు ఇంకా మొదలు కావు. కానీ చాలా ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ విభాగాల్లో కొత్తగా చేరినవాళ్లు అప్పటికే లెక్కలు చేస్తుంటారు. అమెరికాలో దీన్ని మ్యాథ్ క్యాంప్ అంటారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ తన ఎమ్మెస్సీ విద్యార్థులకు సెప్టెంబరులో నడిపే గణితం, స్టాటిస్టిక్స్ పరిచయ కోర్సు కూడా ఈ కోవలోదే. సాధారణంగా రెండు మూడు వారాలు సాగుతుంది. పొద్దున పాఠం, మధ్యాహ్నం లెక్కలు. చాలాచోట్ల పాఠం చెప్పేది పీహెచ్‌డీ చివరి దశలో ఉన్న సీనియర్లే. తాము తడబడిన చోట్లు వాళ్లకు ఇంకా గుర్తుంటాయి.

చేరినవాళ్లలో ఇంజినీర్లుంటారు, బీకాం వాళ్లుంటారు, కొన్నేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ పుస్తకం పట్టినవాళ్లుంటారు. పాఠాల జాబితా చూస్తే మన ఎంపీసీ పిల్లలకు పెద్దగా బెదురు పుట్టదు. మాత్రికలు, అవకలనం, గరిష్ఠ కనిష్ఠాలు, సంభావ్యత, అంచనాలు... చాలావరకు ఇంటర్‌లోనో డిగ్రీలోనో చూసినవే. తేడా చెప్పే పద్ధతిలో ఉంది. ముందు నిర్వచనం, తర్వాత షరతులతో సహా సిద్ధాంతం, ఆపైన రుజువు. అంతటితో వదలరు. ఒక్కో షరతునీ తీసేసి, సిద్ధాంతం ఎలా కూలుతుందో ప్రత్యుదాహరణతో చూపిస్తారు. ఈ సంప్రదాయానికి ఆయువుపట్టు ఆ చివరి మెట్టే.

అందుకే మొదట తర్కం చెబుతారు. ప్రతి తాళానికీ ఒక చెవి ఉందనడం వేరు, ఒకే చెవి అన్ని తాళాలకూ పడుతుందనడం వేరు. ‘ప్రతి’, ‘ఒక’ అన్న రెండు మాటల వరస మారితే వాక్యం బలమే మారిపోతుంది. గణితంలో అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

తర్వాత, ఒక నిబంధనకు లోబడి గరిష్ఠ కనిష్ఠాలు కనుక్కునే లగ్రాంజ్ పద్ధతి. రెండు సంఖ్యల మొత్తం 100 కావాలి, లబ్ధం వీలైనంత పెద్దది కావాలి. జవాబు 50, 50. లబ్ధం 2500. ఇది పదో తరగతి పిల్లలూ చెబుతారు. లగ్రాంజ్ గుణకం కూడా 50 వస్తుంది. అది ఏం చెబుతోందన్నది అసలు ప్రశ్న. మొత్తాన్ని 101 చేసి చూడండి. లబ్ధం 2550.25 అవుతుంది, అంటే సుమారు 50 పెరిగింది. నిబంధనను ఒక యూనిట్ సడలిస్తే దక్కే లాభమే ఆ గుణకం. ఎకనామిక్స్‌లో దానికి ఛాయా ధర అని పేరు.

ఆ వెంటనే ఇంకో లెక్క ఇస్తారు. ఒక సంఖ్య ఘనం, రెండో సంఖ్య వర్గానికి సమానం కావాలి. మొదటి సంఖ్య వీలైనంత చిన్నది కావాలి. వర్గం రుణాత్మకం కాదు కనుక జవాబు సున్నా అని చూడగానే తెలుస్తుంది. కానీ లగ్రాంజ్ సమీకరణాలు రాస్తే వాటికి సాధనే దొరకదు. ఆ బిందువు దగ్గర వక్రరేఖ మొనదేలి ఉంటుంది. నిబంధన తాలూకు పాక్షిక అవకలజాలు అక్కడ రెండూ సున్నా. అలా కాకూడదన్న షరతు సిద్ధాంతంలో ముందే రాసి ఉంది, మనమే చదవకుండా దాటేశాం. సమానతలకు బదులు అసమానతలు నిబంధనలైనప్పుడు వాడే కూన్–టకర్ షరతులు 1951లో పేరుపొందాయి. విలియం కరుష్ వాటిని 1939లోనే చికాగో విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ సిద్ధాంతవ్యాసంలో రాశాడు. ఇప్పుడు ఆయన పేరునూ కలిపే చెబుతున్నారు.

స్టాటిస్టిక్స్‌లోనూ ఇదే తీరు. ఒక చలరాశి –1, 0, 1 విలువలను సమాన సంభావ్యతతో తీసుకుంటుంది. రెండోది దాని వర్గం. రెండింటి కోవేరియన్స్ సున్నా. అలాగని అవి స్వతంత్రమా? మొదటిది తెలిస్తే రెండోది పూర్తిగా తెలిసిపోతుంది! కోవేరియన్స్ సున్నా అంటే సరళరేఖా సంబంధం లేదనే, అసలు సంబంధమే లేదని కాదు. ఇది ఇక్కడే ఒంటబడితే తర్వాత రిగ్రెషన్ ఫలితాలను తొందరపడి చదవరు.

ఈ పాఠాల్లో మనకు బాగా తెలిసిన పేరూ ఒకటి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు, 1944లో అక్కడ పాఠం చెబుతున్నారు. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ నిలుస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. రావు రాత్రంతా కూర్చుని రుజువు సాధించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్–రావు అసమానత. నిష్పాక్షిక అంచనా వేరియన్స్ ఇంతకంటే తగ్గదని అది హద్దు గీస్తుంది. ఆ హద్దుకూ షరతులున్నాయి. సున్నా నుంచి తెలియని ఒక గరిష్ఠం దాకా సమంగా పరుచుకున్న సంఖ్యల్లోంచి నమూనా తీసి, ఆ గరిష్ఠాన్ని అంచనా వేయాలనుకోండి. అక్కడ ఆ సూత్రం వర్తించదు. విలువల పరిధే ఆ తెలియని గరిష్ఠం మీద ఆధారపడి ఉండటం దానికి కారణం.

రెండు మూడు వారాలు డిగ్రీ చదువుకు బదులు కావు. కలనగణితం ఎప్పుడూ చూడనివాళ్లు ఆ వేగానికి బెంబేలెత్తుతారు, బాగా వచ్చినవాళ్లకు విసుగు. వెళ్లేముందే ఎకనామిక్స్‌కు కావలసిన గణితం మీద సైమన్, బ్లూమ్‌ల పుస్తకమో, ఎంఐటీ ఉచితంగా పెట్టిన గిల్బర్ట్ స్ట్రాంగ్ మాత్రికల పాఠాలో చూసుకుంటే సగం భయం తీరుతుంది.

ఎంట్రన్స్ కోచింగ్ మన పిల్లలకు వేగం నేర్పింది. నిమిషంలో జవాబు గుర్తించడం చిన్న విద్యేమీ కాదు. కాకపోతే అక్కడ షరతులు ఎప్పుడూ నెరవేరే ఉంటాయి, ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లే ఆ సంగతి చూసుకుంటారు. నిజమైన డేటాకు ఆ పూచీ ఉండదు. ఎమ్మే, ఎమ్మెస్సీ మొదలయ్యేముందు ఇలాంటి రెండు వారాలు పెట్టుకోవడానికి మన విశ్వవిద్యాలయాలకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక గది, ఒక నల్లబల్ల, ‘ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది?’ అని అడిగే ఒక రీసెర్చ్ స్కాలర్ చాలు.