మెయిన్ రోడ్డుకు ఒక వరండా

మా ఊళ్లో బట్టల దుకాణం నడిపే మిత్రుడొకాయన మంగళవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్లెక్సీల మీద నువ్వు ఏండ్ల సంది రాస్తున్నవ్. ఈసారి మావాళ్లే కదిలిన్రు. మెయిన్ రోడ్డు మీద దుకాణాలన్నిటికీ ఒకటే కొలత బోర్డు, షట్టర్లన్నిటికీ ఒకటే రంగు పెడదామంటున్రు. నువ్వు నాలుగు ముక్కలు రాస్తే మున్సిపాలిటీ వాళ్లను అడగనీకి మాకు బలముంటది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టుదలలు తెలుసు: అరుగులు, వేపచెట్లు, ఫ్లెక్సీలు. పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టడానికి చెట్టుకు మేకులు కొట్టడం చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మూడంతస్తుల మేడ కట్టి, దాని ముఖం మొత్తాన్ని ఫోన్ల కంపెనీ ప్రకటనకు అప్పగించేస్తే ఆ మేడ కట్టిన మేస్త్రీ పనితనం ఎవరికి కనబడుతుంది? ఊరి అందం ఊరందరి ఆస్తి. దానికో నియమం ఉంటే తప్పేమీ లేదని ఎప్పటినుంచో అంటున్నాను. పైగా అలాంటి నియమానికి సాక్ష్యం మన హైదరాబాద్‌లోనే ఉంది. చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా దాకా ఉన్న పత్తర్‌గట్టి బజారు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద మళ్లీ రాకుండా ఏంచేయాలో చెప్పాడు. 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలు తీసి ఇళ్లు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. ఆ బోర్డు పుణ్యమే పత్తర్‌గట్టి. రోడ్డుకు రెండు వైపులా ఒకే రకం రాయి, ఒకే రకం కమానులు, ఒకే ఎత్తు. తర్వాత 1935లో వచ్చిన మొజంజాహీ మార్కెట్‌ది కూడా ఆ కాలపు రాతిపనే. బజారు ఎలా కనబడాలో ముందే అనుకుని కట్టిన వీధి పత్తర్‌గట్టి. మిత్రుడి ప్రతిపాదనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనుకుని, ఆ వీధి గురించే రాద్దామని కూర్చున్నాను.

రాయబోతుంటే గుర్తొచ్చింది మాత్రం మా అక్క పెళ్లి బట్టలు.

అప్పట్లో మా వైపు కాస్త కలిగినవాళ్ల ఇంట్లో పెళ్లంటే బట్టలకు పట్నం పోవాల్సిందే. ఇమ్లీబన్ బస్టాండు ఇంకా రాలేదు. ఎర్రబస్సు గౌలిగూడలో, ఆ పెద్ద రేకుల గోపురం కింద దింపేది. అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీద మూసీ దాటి, మదీనా దగ్గరికి నడిచి చేరుకున్నాం. అమ్మ, పెద్దమ్మ, అక్క, చేతుల్లో సంచులతో నేను. అక్క గద్వాల చీర కావాలని, అమ్మ ఆ ధరలో రెండు వస్తాయని, దారి పొడవునా అదే వాదన. పత్తర్‌గట్టిలో సగం దూరం పోయామో లేదో వాన దబదబా అందుకుంది. రోడ్డు మీద ఉన్నవాళ్లందరూ కమానుల కిందికి వచ్చేశారు. రిక్షావాలా, బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్లు, అత్తరు సీసాల పెట్టె మోసే ముసలాయన, మేము. మేం నిలబడింది ఒక గాజుల దుకాణం ముందు. మాకు ఆ దుకాణంతో పనిలేదు, మేం కొనేవాళ్లం కాదని ఆ దుకాణాయనకూ తెలుసు. అయినా "ఏం కావాలి" అని అడగలేదు, "జరగండి" అనీ అనలేదు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులని చూసి లోపలినుంచి ఒక స్టూలు తెచ్చి వేశాడు. వాన తగ్గకముందే నడక మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ కమానుల కిందినుంచే ఒక దుకాణం తర్వాత ఒక దుకాణం తడవకుండా చూసుకుంటూ పోవచ్చు. అక్క గద్వాల చీర అట్లా నడుస్తూ నడుస్తూనే దొరికింది.

ఆ కమానుల చెక్కడం ఎలా ఉంటుందో నన్నడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా ఇంట్లో వాళ్లెవరూ చెప్పలేరు. అందరికీ గుర్తున్నది వానలో నడవగలిగామన్న సంగతి. ఆ వీధి కట్టినవాళ్లు దుకాణానికీ రోడ్డుకూ మధ్య నడిచేవాళ్లకు కప్పున్న దారి ఒకటి ఇచ్చారు. ఒకే రకం ముఖం దాని వెనక వచ్చింది.

ఇప్పుడు మన ఊరి మెయిన్ రోడ్డుకు రండి. దుకాణం మెట్టు దిగి రోడ్డు చేరేలోపు ఏముందో వంగి చూడండి. ముందు గ్రానైట్ మెట్లు, పక్కన బండి ఎక్కించుకునే ర్యాంపు. దాని తర్వాత మోరీ, మోరీ మీద బండలు, రెండు బండల మధ్య కాలు దిగేంత సందు. ఆ పైన జనరేటరు, ఫ్లెక్సీ స్టాండు, కూల్‌డ్రింకుల పెట్టె, అడ్డంగా పెట్టిన బైకులు. పక్క దుకాణం దగ్గరికి వెళ్తే అదే వరస ఇంకో ఎత్తులో. రోడ్డు మీద రోడ్డు వేసేటప్పుడు పాతది గీకి తీయరు, అందుకని వేసినప్పుడల్లా రోడ్డు లేస్తుంది. పాత దుకాణాలు గుంతలో పడతాయి. కొత్తగా కట్టేవాళ్లు నీళ్లొస్తాయన్న భయంతో మూడడుగులు లేపి కడతారు. నడిచేవాడు ఎక్కలేక దిగలేక చివరికి రోడ్డు మీదికే వస్తాడు. ఆ రోడ్డేమో 167వ నంబరు జాతీయ రహదారి. కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరిగే బస్సులతో పాటు మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, మిల్లులకు పోయే వడ్ల లారీలు దాని మీదే తిరుగుతాయి. రహదారి ఇంజినీరు లెక్క రోడ్డు అంచు దగ్గర ఆగిపోతుంది. మున్సిపాలిటీ ప్లాను లెక్క ప్లాటు హద్దు దగ్గర మొదలవుతుంది. మధ్యలో మోరీ మీది ఆ నాలుగడుగులను పట్టించుకునేవాళ్లే లేరు. నడిచేవాళ్లకు అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం పుస్తకంలో మాత్రం ఉంది.

ఇది నడకకు సంబంధించిన ముచ్చట అనుకుంటారేమో, ఇది రవాణా ముచ్చటే. మనది బస్సుల మీద, షేర్ ఆటోల మీద బతికే ఊరు. మన జిల్లా కేంద్రం సూర్యాపేటకు కూడా రైలు లేదు. ప్రయాణికుల రైలు కావాలంటే మనం మిర్యాలగూడ పోతాం. బస్సు మనిషి చేసే ప్రతి ప్రయాణంలో రెండు చివర్లా కొంత నడక, కొంత నిలబడటం ఉంటాయి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సుల కోసం నిలబడే ఆడవాళ్లు ఇంకా పెరిగారు. టికెట్ ఖర్చు తప్పడం మంచిదైంది. కానీ మే నెల మధ్యాహ్నం, 45 డిగ్రీల ఎండలో, చంటిపిల్లను కొంగు కింద దాచుకుని నిలబడే తల్లికి ఎదురుగా ఉన్న షట్టర్లన్నీ ఒకే రంగులో ఉంటే ఒరిగేదేమిటి?

అందుకే మిత్రుడి ప్రతిపాదనను నేను బలపరచడం లేదు. రంగుకు, ఊరి మంచికి అంత దగ్గరి చుట్టరికం లేదు. జైపూర్‌ను అందరూ గులాబీ నగరం అంటారు. సవాయి జైసింగ్ ఆ నగరానికి 1727లో పునాది వేశాడు. గులాబీ రంగు 1876లో, వేల్స్ యువరాజు వస్తున్నాడని వేశారు. అంటే దాదాపు నూటయాభై ఏళ్లు ఆ రంగు లేకుండానే అది మంచి నగరం. దాన్ని నిలబెట్టినవి వెడల్పైన వీధులు, చౌరస్తాలు, బజారు వరసలు. పైగా పత్తర్‌గట్టిని ఒక బోర్డు, ఒక ఖజానా కలిసి కట్టాయి కాబట్టి ముఖాలన్నీ కలిశాయి. మన మెయిన్ రోడ్డును వడ్డీకి తెచ్చినవాళ్లు, ఎకరం అమ్మినవాళ్లు, గల్ఫ్ పోయొచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు కట్టారు. పది గజాల చెప్పుల దుకాణానికి పసుపు రంగు బోర్డే పెట్టుబడి. పెద్ద షోరూములు నియమాన్ని తట్టుకుని నిలబడతాయి, ఆ చెప్పుల దుకాణం పక్కవాళ్లలో కలిసిపోయి కనబడకుండా పోతుంది.

నియమం కావాల్సింది కింద, నడిచేచోట. ఇటలీలో బొలోన్యా అనే ఊరు ఉంది. అక్కడ 1288లోనే ఒక శాసనం చేశారు: కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు వీధి వైపు స్తంభాల వరండా కట్టాలి, దాని మరమ్మతు ఇంటివాళ్లే చూసుకోవాలి, నడిచే హక్కు మాత్రం అందరిదీ. గుర్రం మీద మనిషి పోగలిగేంత ఎత్తుండాలన్నారు. ఆ వరండాల్లో చెక్క స్తంభాలవి, ఇటుకవి, రాతివి ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో కాలానిది. ముఖాలు కలవవు గానీ దారి కలుస్తుంది. ఇప్పుడు అన్నీ కలిపి 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిలో కొన్నిటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటి యజమానులు ఎందుకు ఒప్పుకున్నారంటే, కింద దారి వదిలితే పైన గది ముందుకు వేసుకోవచ్చు. ఊరికి నీడ, యజమానికి గది.

మన దగ్గర ఇది సులువుగా కుదరదు. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం రోడ్డు వెడల్పును బట్టి భవనం ముందు కొంత జాగా వదలాలి, ఆ జాగా పైన ఆకాశం తెరిచి ఉండాలి. ఇళ్ల వీధుల్లో గాలికీ వెలుతురుకూ అది చాలా మంచి నియమం. బజారు వీధిలో అదే జాగా మెట్లుగా, ర్యాంపుగా, బైకుల స్టాండుగా మారుతోంది. వేసవిలో తట్టుకోలేక దుకాణందారు దానికి రేకులు దించితే అది ఉల్లంఘన. అందుకని మున్సిపాలిటీని అడగాల్సింది ఒక మినహాయింపు: బస్టాండు చుట్టుపక్కల బజారు రోడ్డు మీద ఎవరైనా ఆరడుగుల దారిని పక్కవాళ్లతో ఒకే మట్టంలో కలిపి జనానికి వదిలితే, స్తంభాల మీద పై అంతస్తును ముందుకు తెచ్చుకోనివ్వాలి. రంగు, బోర్డు, కమాను, గ్రిల్లు వాళ్ల ఇష్టం. పాత భవనాలను కూల్చమని ఎవరూ అడగడం లేదు. కొత్తగా కట్టేవి ఒక్కొక్కటే కలుస్తూ పోతాయి. మూల మీది భవనంతో మొదలైనా చాలు.

సాయంత్రం మిత్రుడికి ఈ మాట చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సందేహం బయటపెట్టాడు. "నీడ చేస్తే దాని కింద పూలమ్మే ఆమె కూర్చుంటది, మిర్చీబండి వస్తది. మా గిరాకీ ఏమైతదన్నా?" పత్తర్‌గట్టిలో ఇప్పుడు సామాన్లు కమానుల కిందికి వచ్చి దారి మూసేసిన సంగతి ఆయనకూ తెలుసు. అక్కడ దారి మూసినవాటిలో వీధి వ్యాపారుల బుట్టలే కాదు, దుకాణాలవాళ్లు బయటికి జరిపిన సరుకూ ఉంది. నా లెక్క ప్రకారం దుకాణం సరుకు గుమ్మం దాటకూడదు. పూలమ్మే ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చోవచ్చు, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఆమెకు జాగా చూపించాల్సిన బాధ్యతను మున్సిపాలిటీ మీదే పెట్టింది. మిర్చీబండి నూనె కడాయితో వస్తుంది కాబట్టి నీడ బయట, మోరీకి అవతల. దీని మీద ఆయనకూ నాకూ ఇంకా కుదరలేదు. వచ్చే ఆదివారం దుకాణాలవాళ్లు కూర్చుంటారట, రమ్మన్నాడు. రోడ్డు కొలిచే టేపు తీసుకుని వెళ్తున్నాను.