సంబంధాల వెంట నడిచిన సువార్త

ఒంగోలు మిషన్ ప్రస్తావన వస్తే చాలు, ఒక అంకె ముందుకొస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ అభిమానులు దాన్ని అద్భుతం అంటారు. గిట్టనివాళ్ళు కరువులో గింజలు చూపించి చేసిన బేరం అంటారు. ఆ రెండు పక్షాలకూ ఒక్క విషయంలో పేచీ లేదు. కర్త దొరే. మాదిగలు ఎవరో చేస్తే క్రైస్తవులయ్యారు, తమంతట తాము ఏమీ కాలేదు. ఈ ఒప్పందమే నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఈ మధ్య క్లౌ దొర దంపతుల పుస్తకాలు రెండూ మళ్ళీ చదివాను. ఒకటి 'వైల్ సోయింగ్ శాండిల్స్', 1899లో వచ్చింది. రాసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. రెండోది 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్', 1914లో వచ్చింది. ఇది జాన్ క్లౌ ఆత్మకథలా 'నేను' అంటూ నడుస్తుంది. అయితే క్లౌ 1910లోనే చనిపోయాడు. ఆయన చెప్పగా విని, పుస్తకంగా నిలబెట్టింది ఆయన భార్య ఎమ్మాయే. ఆమె సామాన్యురాలు కాదు. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన గ్రంథం రాసిన మనిషి. మతం పేదవాడి కూలి గురించీ ఆకలి గురించీ మాట్లాడాలని అమెరికాలో వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి.

రెంటిలో మొదటిదే మంచి పుస్తకం అని నా అభిప్రాయం. రెండోదాంట్లో దొర మాట్లాడతాడు, మొదటిదాంట్లో పల్లె మాట్లాడుతుంది. ఎమ్మా మాదిగ బోధకుల దగ్గర కూర్చుని వాళ్ళ జీవితకథలు అడిగి రాసుకుంది. అరుంధతి కథ, మాతంగి కథ, రాజయోగం చెప్పే గురువుల కథ అన్నీ అందులో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు మాదిగ మనిషి మనసులో ఏముందో ఇంత దగ్గరగా రాసి పెట్టిన పుస్తకాలు మనకు ఎన్ని ఉన్నాయి? అయినా ఆమె ఉపశీర్షికలో మాదిగల్ని 'పరియా తెగ' అంది. ఆ మాట తెలుగుది కాదు, అరవనాడులోని ఒక కులం పేరు నుంచి ఇంగ్లీషువాళ్ళు చేసుకున్న ముద్ర. చెప్పులు కుట్టేవాడి నోట అన్ని కథలు విన్న మనిషి, అట్ట మీద వాడి సొంత పేరు వేయలేకపోయింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. యెర్రగుంట్ల పేరయ్యది ఒంగోలుకు పడమట తాళ్ళకొండపాడు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు తిరిగేవాడు. యేసు మాట మొదట చెవిన పడింది ఆ తిరుగుళ్ళలోనే. అప్పటికే ఆయన యోగం నేర్చినవాడు, పదిమందికి చెప్పేవాడు కూడా. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లౌ కాదు, అంతకుముందు నుంచి నెల్లూరులో పనిచేస్తున్న జ్యూయెట్. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తర్వాత. 1867 జనవరిలో పేరయ్య పిలిస్తే ఆయన తాళ్ళకొండపాడు వెళ్ళాడు. వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి కూర్చున్నారు. ఆ విడతలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. మిషన్ చరిత్రలో మాదిగ ఉద్యమానికి ఇదే మొదలు అని చెప్పుకుంటారు.

దొర అడుగు పెట్టక ముందే ఆ జనాన్ని పోగుచేసింది ఎవరు? పేరయ్య పల్లె పల్లెకూ తిరిగాడు. ఏ పల్లెకు తిరిగాడు? తోళ్ళు కొన్న పల్లెకు, మేనత్త ఇల్లున్న పల్లెకు, పిల్లనిచ్చిన పల్లెకు, పెళ్ళికో దినానికో వెళ్ళి భోంచేసి వచ్చిన పల్లెకు. వాళ్ళకు ఆయన మతబోధకుడు కాదు, బావ, మామ, పెద్దనాన్న. మాదిగవాడలో కొత్త మనిషి వచ్చి మాట్లాడితే వింటారు, తలూపుతారు, వదిలేస్తారు. చుట్టం చెబితే వాదిస్తారు. వాదించారంటే పట్టించుకున్నట్టే.

మిషనరీ సాహిత్యంలో ఈ మధ్య తరచూ కనబడే మాట ఒకటుంది. విశ్వాసాన్ని ఉపన్యాసంతో కాదు, స్నేహంతో పంచాలట. పొరుగువాడితో టీ తాగండి, వాడి పిల్లల చదువు అడగండి, మెల్లగా మాట కదపండి అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఫలితం ముందే రాసి పెట్టుకున్న స్నేహం ఎంతవరకు స్నేహం? ఆ పొరుగువాడు 'వద్దు' అన్న మర్నాడు కూడా వాడి ఇంటికి వెళ్తేనే కదా తేలేది. పేరయ్యకు ఆ ఇబ్బంది లేదు. బావమరిది వినకపోయినా బావమరిదే. వచ్చే పండక్కి మళ్ళీ వాడింటికే పోవాలి. చుట్టరికం పద్ధతి కాదు, అంతకుముందే ఉంది. క్లౌ గొప్పతనం నాకు కనిపించేది ఇక్కడ. అది తను కట్టిన వంతెన కాదని ఆయనకు తెలుసు. చేరినవాళ్ళను ఊరి నుంచి పెరికి మిషన్ కాంపౌండులో నాటలేదు. ఎవరి పల్లెలో వాళ్ళను ఉండనిచ్చాడు.

అంతకుముందు జరిగిన సంగతి కూడా చెప్పాలి. ఒంగోలులో పై కులాల పిల్లలు క్లౌ బడికి వస్తున్నారు, పెద్దలు సుముఖంగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని వాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. ఆయనా, ఆయన మొదటి భార్య హారియెట్టూ విడివిడి గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, లోకం నీచంగా చూసేవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే పౌలు లేఖలోది, కనబడిందట. ఆ యాదృచ్ఛికాన్ని నమ్మాలా వద్దా అన్నది పాఠకుడి ఇష్టం. నిర్ణయం మాత్రం నిజం. బడి ఖాళీ అయింది, ఆయన మాదిగవాడ వైపు నిలబడ్డాడు. ఇది ఒప్పుకోకుండా ఆయన్ని విమర్శించడం నాకు చేతకాదు.

చేరదలచిన వాళ్ళకు క్లౌ పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలను పూజించొద్దు. పుస్తకంలో వీటిని చదువురాని జనానికి అర్థమయ్యే మూడు చిన్న గురుతులుగా చూపించారు. చిన్నవి కావు. పల్లెలో నిలబడి చూడండి. చచ్చిన గొడ్డు మాదిగకు దానం కాదు, కూలిలో భాగం. దాని తోలుతోనే రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు బాన కుట్టాలి, అమ్మవారి కొలుపులో డప్పు బిగించాలి. గొడ్డు మాంసం మానితే ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న లెక్కలో ఒక పద్దు చెరిగిపోయింది. జాతరలో డప్పు కొట్టనంటే ఇంకో పద్దు. కోతల్లో ఆదివారం రానంటే మూడోది. ఆసామికి కోపం వచ్చింది యేసు మీద కాదు, ఈ మూడు 'ఊహూ'ల మీద. బావి నీళ్ళు ఆపారు, పని ఆపారు, కొట్టారు. తగువు తీర్చమని జనం దొర దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది. చుట్టరికం వెంట వచ్చిన సువార్త ఊరితో ఉన్న సంబంధాన్ని తెంపింది.

ఈ పేజీలు చదివే వాళ్ళకు ఇదంతా తెలిసిన దారిలాగే ఉంటుంది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానమని చెప్పినప్పుడు మహారాష్ట్ర పల్లెల్లో జరిగింది ఇదే. మాంసం మానడం శుచికి సంబంధించిన సంగతి కాదని ఆయనకు తెలుసు. క్లౌకు తెలుసా? నాకు అనుమానమే. ఆయన పాపం అన్న చోట పల్లె గౌరవం అని అర్థం చేసుకుంది. పుస్తకం పొరపడ్డా పల్లె పొరపడలేదు.

ధాత కరువు ఘట్టం పుస్తకంలో చాలా పేజీలు తింటుంది, తినాలి కూడా. 1876 నుంచి 1878 దాకా జనం కుప్పకూలుతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పూర్వం ఆయన సర్వేయరుగా పనిచేసినవాడు, కొలతల పని తెలుసు. మాదిగ బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి లెక్క, విరామంలో కథ. మరి ఇది గింజల బేరం కాదా? కాదని చెప్పడానికి పుస్తకం ఇచ్చే సాక్ష్యం బలంగానే ఉంది. కరువు నడిచినన్నాళ్ళూ, సుమారు పదిహేను నెలలు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఇక సాయం లేదని తెలిశాక కూడా జనం వెల్లంపల్లికి వచ్చి పట్టుబట్టారు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలిచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులేసుకున్నారు. 2,222 అంకె అందరికీ తెలుసు, ఆ ఆరుగురి పేర్లు ఎంతమందికి తెలుసు?

అయితే బేరం కాదన్నంత మాత్రాన ఆకలికి పాత్ర లేదని కాదు. కాలువ గట్టు మీద కూలి ఇచ్చే చోట బూతులు తిట్టకుండా, కర్రతో కొట్టకుండా, తమ కులం మేస్త్రీ పేరు పెట్టి పిలిచాడు. ఆ మనిషి చెప్పే మతం వైపు మొగ్గడం మోసపోవడం కాదు, లెక్క తెలిసి చేసిన పని. మాదిగకు ఆ మాత్రం లెక్క రాదనుకునే వాళ్ళే 'బియ్యం క్రైస్తవులు' అని వెక్కిరిస్తారు.

నా అసలు తగవు దీని తర్వాతి కథతో. చుట్టరికం ఎంత దూరం పోతుంది? పెళ్ళి పొత్తు ఉన్నంత దూరం. అక్కడ ఆగుతుంది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువయ్యారు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువయ్యారు. పక్కపక్క పేటల్లో రెండు గుళ్ళు లేచాయి. దేవుడొక్కడే, బావి రెండు. సువార్త కులం దారిలో నడిచింది కాబట్టి కులం గడప దగ్గరే నిలబడిపోయింది. క్లౌ పుస్తకం ఈ సంగతిని తాకీ తాకనట్టు పోతుంది. గుంపులు గుంపులుగా చేరడం ఆయనకు బలంగా కనిపించింది, దాని నీడ కనిపించలేదు.

తర్వాతి తరం ఆ నీడనే సిద్ధాంతం చేసింది. మధ్య భారతంలో పనిచేసిన మిషనరీ డోనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో 'ద బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్' రాశాడు. అంతకుముందు 1933లో పికెట్ ఇక్కడి సామూహిక మతాంతరాల మీద చేసిన అధ్యయనం దానికి పునాది. బంధుత్వాలే దేవుడు వేసిన వంతెనలని మెక్‌గావ్రన్ మాట. మనిషి తన కులం గీత దాటకుండానే క్రైస్తవుడు కాగలగాలి, దాటమంటే ఎదుగుదల ఆగిపోతుంది అనే దాకా ఆయన ఆలోచన తర్వాత సాగింది. సంఖ్య లెక్కన ఆ మాట నిజమే కావచ్చు. కానీ గీత దాటొద్దని చెప్పే మతం మాదిగకు ఏం కొత్తది చెప్పినట్టు? గీత లోపల ఉండడం వాడికి వేల ఏళ్ళుగా అలవాటే. క్లౌ షరతులు కనీసం ఊరితో తగువు తెచ్చాయి. మెక్‌గావ్రన్ సూత్రం ఆ తగువును కూడా తప్పించింది. క్రైస్తవులైనా అంటరానితనం వాళ్ళ వెంటే వచ్చిందన్నది బాబాసాహెబ్ ఫిర్యాదు. ఆ రోగానికి కారణం వెదికితే ఈ వంతెనల కిందే దొరుకుతుంది.

మనం ఏమన్నా మేలా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞలు ఒక్కొక్కరూ తన నోటితో చెప్పాల్సినవి. అయినా అక్కడా ఎక్కువమంది ఒకే కులం వాళ్ళు, అక్కడా చుట్టాల వెంట చుట్టాలే వచ్చారు. తెలుగునాట మన విహారాల్లో ఆదివారం కూర్చునే వాళ్ళ ఇంటిపేర్లు ఒకసారి రాసి చూడండి. నేను రాసి చూశాను. ఎవరికీ చూపించలేదు.

తెలుగులో 'సంబంధం' అంటే రెండు అర్థాలు. మిషనరీ పుస్తకాల్లో మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఆప్యాయత ఒకటి. మా ఇళ్ళల్లో పెళ్ళి మాట ఇంకొకటి. మా అమ్మమ్మ ఒంగోలు వైపు మనిషి, చనిపోయేదాకా బైబిలు తలగడ కింద పెట్టుకుని పడుకుంది. నేను దీక్ష తీసుకుని వచ్చి చెప్పిన రోజు త్రిశరణాలేమిటో పంచశీలాలేమిటో ఆమె అడగలేదు. అన్నం వడ్డిస్తూ ఒకటే అడిగింది.

"మరి నీ పిల్లకి సంబంధం ఎవరిస్తార్రా?"

అప్పుడు నవ్వేశాను. పిల్లకు ఇప్పుడు ఇరవై నాలుగు. మొన్న వచ్చిన మూడు సంబంధాలూ మా కులంవే. ఇద్దరు క్రైస్తవులు, ఒకరు బౌద్ధులు.