వాట్లకు ముందు ఓమ్‌లు

దసరా ముందు లాభాల వాటా ఖాతాలో పడగానే గోదావరిఖనిలో బండ్ల కొనుగోళ్లు ఊపందుకుంటాయి. 2023-24 సంవత్సరానికి సింగరేణి బొగ్గు గనుల కార్మికుల వాటాగా 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. అందులో కొంత కార్లకు పోతుంది, కారు కొన్నాక కొంత పాటకు పోతుంది. పాటకు పెట్టే డబ్బు దండగని నేననను. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆ దారంతా తోడుండేది పాటే. నా బాధల్లా ఆ డబ్బును వాట్ల లెక్కన ఖర్చు పెట్టడం గురించి.

కారులో పాటలు పాడించే డెక్ పెట్టె మీద '50 వాట్లు × 4' అని ఉంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది 14 వోల్టులకు కాస్త అటూ ఇటూ. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూటు లేని డెక్, నాలుగు ఓమ్‌ల స్పీకరుకు ఎంత సాగినా పది వోల్టుల సగటు బలమే ఇవ్వగలదు. పదిని పదితో గుణించి నాలుగుతో భాగిస్తే 25 వాట్లు. పాట చెడకుండా నిలకడగా వచ్చేది ఇరవై దగ్గరే. పెట్టె మీది యాభై క్షణకాలపు శిఖరం. అందుకే ఆంప్లిఫయర్ అవసరం పడుతుంది, దానితోపాటే ఓమ్‌ల లెక్కా వస్తుంది.

స్పీకర్లను ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే ఓమ్‌లు కూడుతాయి: నాలుగూ నాలుగూ ఎనిమిది. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ చొప్పున ప్యారలల్‌లో కలిపితే రెండవుతాయి. ఓమ్‌లు తగ్గినకొద్దీ స్పీకర్లు ఆంప్ నుంచి కరెంటు ఎక్కువగా లాగుతాయి, మోత పెరుగుతుంది. ఆ మోత విని మురిసి మూడో స్పీకరునూ అదే ఛానల్‌కు తగిలిస్తే భారం 1.33 ఓమ్‌లకు పడిపోతుంది. రెండు ఓమ్‌ల వరకే తట్టుకునే ఆంప్ కాసేపు పాడుతుంది, వేడెక్కి ఆగుతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. బాగా కట్టిన ఆంప్ అయితే తనను తాను కాపాడుకుంటుంది, చవక సరుకైతే ట్రాన్సిస్టర్లు పోతాయి.

వూఫరు దగ్గర ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. నాలుగు ఛానళ్ల ఆంప్‌లో రెండు ముందు తలుపులకిచ్చి, మిగిలిన రెండింటినీ బ్రిడ్జి చేసి, అంటే ఒక్కటిగా కలిపి, వూఫరుకివ్వడం మంచి పద్ధతి. బ్రిడ్జి చేసినప్పుడు ఒక్కో ఛానల్ మీద పడేది వూఫరు ఓమ్‌లలో సగం భారం. కాబట్టి రెండు ఓమ్‌ల వరకు తట్టుకునే ఛానళ్లను బ్రిడ్జి చేస్తే నాలుగు ఓమ్‌లకు తక్కువ ఇవ్వకూడదు. ఇప్పుడు రెండు కాయిళ్లున్న వూఫరు కొన్నామనుకోండి, కాయిలుకు నాలుగు ఓమ్‌లు. దాన్ని రెండు ఓమ్‌లుగానో ఎనిమిది ఓమ్‌లుగానో కలపగలం గానీ నాలుగుగా కలపలేం. రెండైతే ఆంప్‌కు ముప్పు, ఎనిమిదైతే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. అదే కాయిలుకు రెండు ఓమ్‌ల వూఫరు తెస్తే, సిరీస్‌లో సరిగ్గా నాలుగు. ఈ తేడా కొనక ముందే తెలియాలి. తెలిసిన ఫిట్టరు వూఫరు సైజుకన్నా ముందు ఆంప్ మోడల్ అడిగేది ఇందుకే.

గనుల ఊరికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. గనిలో పేలుళ్లు జరిపే షాట్‌ఫైరర్ డిటోనేటర్లను సిరీస్‌లో కలిపాక వలయం సరిగా ఉందో లేదో పరీక్షించనిదే పేల్చడు, వాటిని పేల్చే ఎక్స్‌ప్లోడర్ ఎన్ని షాట్లకు తగినదో అంతకు మించి తగిలించడు. కారు దగ్గరా ముందు మీటరే. మంచి పనివాడు మీటరు మొనలు రెండూ కలిపి తీగల సొంత నిరోధం చూసుకుని, దాన్ని తీసేసి లెక్కిస్తాడు. నాలుగు ఓమ్‌ల స్పీకరు మీటరు మీద మూడుంపావు, మూడున్నర చూపిస్తుంది. అది లోపం కాదు. మీటరు కొలిచేది కాయిలు తీగ నిరోధాన్ని మాత్రమే, పాట నడిచేటప్పుడు ఇంపెడెన్స్ స్వరాన్ని బట్టి మారుతూ ఉంటుంది. రెండు కంటే తక్కువ చూపిస్తే అనుమానించాలి. తర్వాత ఒకటిన్నర వోల్టుల సెల్లు తాకించి, కోను ముందుకొచ్చినప్పుడు సెల్లు ప్లస్ తాకిన కొసను ప్లస్ అని గుర్తుపెడతాడు. ఒక తలుపులో ప్లస్, మైనస్ తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బేస్ మాయమవుతుంది. వూఫరు బాగాలేదని తిట్టే చాలామంది కార్లలో నిజానికి ఉన్న జబ్బు ఇదే.

గోదావరిఖని ఉన్న రామగుండం ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మూసి ఉంచిన కారు లోపల ఇంకా ఎక్కువ. సీటు కింద కార్పెట్‌లో ఇరికించిన ఆంప్‌కు ఊపిరాడదు. గాలి తగిలేచోట, సన్నటి దుమ్ము సులువుగా చేరని ఎత్తులో బిగించాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఇక్కడ పనికిరాదు, లగ్గు వేసి నొక్కించాలి. 300 వాట్ల ఆంప్ పూర్తి బలంతో పాడితే బ్యాటరీ నుంచి 35 ఆంపియర్ల పైన లాగవచ్చు. దానికి తగిన లావు తీగ ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఆంప్ దగ్గర మాత్రమే ఉంటే, మధ్యలో తీగ బాడీకి ఒరుసుకున్న రోజు మంట ఆపేది ఏదీ ఉండదు.

ఇంత శ్రమ దేనికంటే, చెవుల కోసం. గనుల భద్రతా డైరెక్టరేట్ ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్‌ను హెచ్చరిక హద్దుగా, 90ని ప్రమాద హద్దుగా పెట్టింది. డ్రిల్లు పక్కన, ఫ్యాను పక్కన షిఫ్టు ముగించి వచ్చినవాడికి కారులో మళ్లీ మోత ఎందుకు? కావలసింది శుభ్రమైన ధ్వని. డప్పు పాటే తీసుకోండి. సిర్ర దెబ్బకు బరువుంటుంది, చిటికెన పుల్ల దెబ్బకు పదునుంటుంది. ఆంప్ శక్తి చాలక అల పైభాగం తెగిందంటే మొదట పోయేది ఆ పదును, కొన్నాళ్లకు ట్వీటరూ పోతుంది. ఆంప్ మీది గెయిన్‌ను వాల్యూమ్ అనుకుని చివరికంటా తిప్పేవాళ్లు చేతులారా చేసుకునేది ఇదే. డెక్ వాల్యూమ్ మూడొంతుల దగ్గర పెట్టి, ధ్వని చెడటం మొదలయ్యే చోటు కనిపెట్టి, అక్కడి నుంచి గెయిన్ కాస్త వెనక్కి తిప్పాలి. తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది స్వరాలను ఆపేస్తే వాటి కోన్లు కుదుటపడతాయి, గొంతు తేటగా వినిపిస్తుంది.

పని పూర్తయ్యాక ఏ ఛానల్‌కు ఎన్ని ఓమ్‌లు, ఏ రంగు తీగ ఎటు పోయిందో కాగితం మీద రాయించుకుని కారు అరలో పెట్టుకోండి. తర్వాత బండి విప్పే ఫిట్టరుకు సగం పూట మిగులుతుంది.