పెనుమూడి వంతెన మీద 2000 మిల్లీమీటర్లు

కెమెరా మార్చాలనుకుంటున్నానని తెనాలిలో ఎవరితో అన్నా ఎదురొచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "కొత్తది ఎన్ని ఎక్స్ అండీ?" పిల్లనిచ్చే ముందు పొలం ఎన్నెకరాలని అడిగినట్టుంటుంది. నా దగ్గరున్నది 2012లో వచ్చిన క్యానన్ ఎస్ఎక్స్50 హెచ్ఎస్. 50 ఎక్స్, అంటే 24 మిల్లీమీటర్ల నుంచి 1200 దాకా. ఆ తర్వాత క్యానన్ 65 ఎక్స్‌కి వెళ్లింది. నికాన్ 2015లో పీ900తో 83కి, 2018లో పీ1000తో 125కి ఎగబాకింది. ఆరేళ్లలో అంకె రెండున్నర రెట్లయింది. దాంతోపాటు మన ఫొటోలు ఏపాటి బాగుపడతాయో చూద్దాం.

చంద్రుణ్ణి తీసేవాళ్లకు లెక్క తేలిక. 1200 దగ్గర పున్నమి చంద్రుడు ఫ్రేము ఎత్తులో సగానికి కాస్త తక్కువ వస్తాడు. 2000 దగ్గర ముప్పాతిక నిండుతాడు. 3000 దగ్గర అసలు పట్టడు, అంచులు తెగిపోతాయి. కాబట్టి చంద్రుడి కోసమే కొనేవాళ్లు 83 ఎక్స్, అంటే 2000 దగ్గర ఆగితే సుఖం. మన వైపు సూపర్‌జూమ్ కొనేవాళ్లలో చాలామంది పని మాత్రం చంద్రుడితో కాదు, పిట్టలతో.

రేపల్లె దాటి పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద నిలబడితే కింద కృష్ణ, దూరంగా ఇసుక తిన్నెలు, వాటి మీద నీటికాకులూ కొంగలూ కనిపిస్తాయి. 2000 మిల్లీమీటర్లు ఇక్కడికే పుట్టిందనిపిస్తుంది. తీరా తీస్తే పిట్ట ఫ్రేము నిండా ఉంటుంది కానీ ఈకలుండవు, ఒంటి మీద రంగు పూసినట్టుంటుంది. అది లెన్సు లోపం కాకపోవచ్చు. పొద్దెక్కాక ఇసుక వేడెక్కుతుంది, దాని మీద గాలి అల్లాడుతుంది. మధ్యలో మూడు నాలుగు వందల మీటర్ల మేర ఆ అల్లాడే గాలే ఉంటే, జూమ్ పిట్టతో పాటు దాన్నీ పెద్దది చేసి చూపిస్తుంది. పైగా లారీ వెళ్లినప్పుడల్లా వంతెన సన్నగా అదురుతుంది. చెయ్యి వణికితే సరిదిద్దే ఏర్పాటు కెమెరాలో ఉంటుంది, వంతెన వణికితే అదేం చేస్తుంది పాపం!

పొద్దెక్కక ముందు వెళ్లమంటారు. వెళ్లొచ్చు. అప్పుడు వెలుతురు కొరత. జూమ్ పూర్తిగా లాగితే నా పాత క్యానన్ లెన్సు ఎఫ్ 6.5 కన్నా తెరుచుకోదు. నికాన్ పీ900, దాని తర్వాతి పీ950లదీ అదే 6.5. పీ1000 అయితే 8. అదే 2012లో పానసోనిక్ ఎఫ్‌జెడ్200 అని ఒకటొచ్చింది. 24 ఎక్సే, 600 దాకానే, కానీ చివరిదాకా ఎఫ్ 2.8. ఏ వెలుతురులో అది సెకనులో 500వ వంతులో ఫొటో తీస్తుందో, అదే వెలుతురులో 6.5 ఉన్న కెమెరాకు 90వ వంతు కావాలి. 90వ వంతంటే కొంగ తల తిప్పినా చెదిరిపోతుంది. 24 ఎక్స్ చూసి ఆ రోజుల్లో దాన్ని పక్కన పెట్టినవాళ్లు ఎక్కువ. తెల్లవారుజాము పిట్టలకు మాత్రం దానంత పనికొచ్చిన చిన్న కెమెరా అప్పట్లో లేదంటాను.

మెగాపిక్సెళ్ల గురించీ ఒక మాట. ఈ తరహా కెమెరాల్లో సెన్సరు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు, దాదాపు 6 మిల్లీమీటర్ల వెడల్పు. దాంట్లో 16 మెగాపిక్సెళ్లు కుక్కితే ఒక్కో పిక్సెల్ 1.3 మైక్రాన్లు. 6.5 దగ్గర వెలుతురు చుక్క విచ్చుకుని దాదాపు 9 మైక్రాన్లవుతుంది. అంటే ఒక్క చుక్క ఆరు పిక్సెళ్లకు పైగా వెడల్పున పరుచుకుంటుంది. అందుకే 12 మెగాపిక్సెళ్ల నా ఎస్ఎక్స్50 నుంచి 20 మెగాపిక్సెళ్ల ఎస్ఎక్స్70కి మారితే ఈకలు ఎక్కువ కనిపిస్తాయని ఆశ పెట్టుకోకండి. వ్యూఫైండర్ మాత్రం ఎన్నో రెట్లు మెరుగు. 2 లక్షల చుక్కల నుంచి 23 లక్షల పైచిలుక్కి వెళ్లింది. కంటి అద్దాలున్నవాళ్లు దానికోసమే మారినా తప్పు పట్టను.

ఇంత జూమ్ నిజంగా కావాలా అంటే, మన డెల్టాలో చాలా చోట్ల అక్కర్లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లోనే కాపురముంటాయి. గట్టు మీద నిలబడి 300 మిల్లీమీటర్లతో గూడంతా తీయొచ్చు. కాలవలకు నీళ్లొదిలాక దుగ్గిరాల వైపు పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరు వెనకే తెల్లకొంగలు గుంపుగా నడుస్తాయి. ట్రాక్టరుంటే వాటికి మనిషి భయం ఉండదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండి కిటికీలోంచి వేమూరు, భట్టిప్రోలు పొలాల మీద తీగలపై లకుముకులూ పాలపిట్టలూ వరస కట్టి కనిపిస్తాయి. ఇవన్నీ 600 లోపు పిట్టలే. వీటి దగ్గర దూరం ఇబ్బంది పెట్టదు, కదలిక పెడుతుంది.

ముఖ్యంగా ఆ నలుపు తెలుపు లకుముకి. కాలవ మీద గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి రాయిలా నీళ్లలో పడుతుంది. పాత సూపర్‌జూమ్‌లన్నీ ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకునే రకం. అవి తడుముకునేలోపు చేప లకుముకి కడుపులో ఉంటుంది. 2017లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్10 నాలుగో రకం ఇక్కడ వేరే జాతి. సెన్సరు వైశాల్యం నాలుగు రెట్లు, సెకనుకు 24 ఫొటోలు, ఫోకస్ తడుముకోదు. జూమ్ మాత్రం 600 దాకానే, చివర ఎఫ్ 4.

ఇక్కడో తమాషా. జూమ్ పూర్తిగా లాగితే పీ950 లెన్సు అసలు ఫోకల్ పొడవు 357 మిల్లీమీటర్లు (2000 అనేది ఫిల్మ్ కెమెరాతో పోల్చి చెప్పే అంకె), దాన్ని 6.5తో భాగించండి. సోనీది 220, దాన్ని 4తో భాగించండి. రెండూ 55 దగ్గరే తేలతాయి. పిట్ట మీంచి వచ్చే వెలుతురుకు రెండు కెమెరాలూ తెరిచే తలుపు ఒకటే వెడల్పు. నికాన్ దాన్ని పెద్దగా పరుస్తుంది, సోనీ చిన్నగా, చిక్కగా. దూరపు తిన్నెల మీద కదలకుండా కూర్చున్న పిట్టలూ చంద్రుడూ మీ ఇష్టమైతే పీ950 తీసుకోండి. ఎగిరే పిట్టలైతే సోనీ. పీ1000 కిలో నాలుగు వందల గ్రాములు, స్టాండ్ లేకుండా దాన్ని మోసేవాళ్లను చూస్తే నాకు భుజం నొప్పి పుడుతుంది. నా మనసు సోనీ మీదే ఉంది. ధర మీద లేదు.

కొత్తవి వస్తాయని ఆగేవాళ్లకు ఒక సంగతి. లెన్సు మార్చలేని డిజిటల్ కెమెరాలు 2010లో ప్రపంచం మొత్తం మీద 10 కోట్లకు పైగా అమ్మకానికి వెళ్లాయి. 2023లో 20 లక్షలు కూడా లేవు. ఫోన్లు మింగేశాయి. 2025లో నికాన్ పీ1100 అని తెచ్చింది, లెన్సు పాతదే, ఛార్జింగు సాకెట్టు యూఎస్‌బీ-సీ అయింది. అంచేత చాలామందికి గతి సెకండ్ హ్యాండే.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఊరు కూడా అడగండి. జూమ్ లాగినప్పుడల్లా ఈ కెమెరాలు గాలిని లోపలికి పీలుస్తాయి. బాపట్ల సూర్యలంక ఒడ్డున ఏళ్ల తరబడి తిరిగిన కెమెరా అయితే ఆ గాలితో ఉప్పూ ఇసుకా వెళ్లి ఉంటాయి. జూమ్ మొత్తం లాగి, మళ్లీ మూయండి. కరకరమంటే వద్దు. లెన్సులోకి టార్చి వేసి పక్కనుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, మన వానాకాలపు చెమ్మలో పెరుగుతూనే ఉంటుంది. చివరగా వీధిలోకి తీసుకెళ్లి, జూమ్ పూర్తిగా లాగి, కరెంటు తీగ మీద కాకిని వ్యూఫైండర్లో వెతికి పట్టుకోండి. ఒక్క నొక్కుతో జూమ్ వెనక్కి తగ్గించి, పిట్ట దొరికాక మళ్లీ ముందుకు తెచ్చే బటన్ లెన్సు పక్కన ఉందో లేదో చూడండి. నా ఎస్ఎక్స్50లో అది ఉంది, ఇన్నాళ్లు దాన్ని వదలకపోవడానికి సగం కారణం అదే. షాపతను కెమెరాను బయటికి ఇవ్వనంటే పక్క షాపు చూసుకోండి.