తెర ఆగితే రాత పోయినట్లేనా?

లినక్సుపై పనిచేసే విమ్ అనే ఎడిటర్ పాత వంశానికి చెందినది. బిల్ జాయ్ 1976లో బర్క్‌లీలో రాసిన వీఐ దీనికి మాతృక. బ్రామ్ మోలెనార్ 1991లో దీనిని వెలువరించాడు. ఇటువంటి సాధనపు గుణదోషాలు రాత సాఫీగా సాగుతున్నప్పుడు తెలియవు. మధ్యలో తెర కదలకుండా నిలిచిపోయినప్పుడే బయటపడతాయి.

ఒక ఉపాధ్యాయుడు ప్రశ్నపత్రం టైపు చేస్తున్నాడనుకొందాం. ఇతర ఎడిటర్ల అలవాటు కొద్దీ, రాసినది భద్రపరచడానికి కంట్రోల్ మీటతో కలిపి ఎస్ మీట నొక్కుతాడు. విమ్ పాత కూర్పు అయితే, అంతటితో తెర బిగుసుకుపోతుంది. ఏ మీట కొట్టినా చలనం ఉండదు. ఎడిటర్ చచ్చిపోయిందని అతడు నిశ్చయించుకొంటాడు. నిజానికి ఏదీ చావలేదు. పూర్వం టెలిటైపు యంత్రాలు కాగితంపై అచ్చు వేసేవి. వాటి వేగం చాలనప్పుడు “ఆగు” అనడానికి ఒక సంకేతం, “ఇక పంపు” అనడానికి మరొక సంకేతం ఏర్పరచారు. ఆస్కీ పట్టికలో వాటి సంఖ్యలు 19, 17. కంట్రోల్-ఎస్ మొదటిదానిని పంపుతుంది, కంట్రోల్-క్యూ రెండవదానిని. టెలిటైపులు మూలపడినా సంకేతాలు టెర్మినల్‌లో నిలిచిపోయాయి. అందుచేత చాలా అమరికలలో కంట్రోల్-క్యూ నొక్కగానే తెరకు ప్రాణం వస్తుంది.

అయితే ఈలోగా విసుగుతో కొట్టిన మీటలు ఎక్కడికీ పోవు. వరుసలో కాచుకొని ఉండి, తెర కదలగానే ఒక్కుమ్మడిగా అమలవుతాయి. విమ్‌లో ఆజ్ఞాస్థితిలో మామూలు అక్షరాలే ఆజ్ఞలు కనుక, ఆ విసుగు పేరాలనే చెరిపివేయగలదు. ముందు చేతులు కట్టుకొని కూర్చోవడమే మేలు. కంట్రోల్-జెడ్ సంగతి వేరు: ఎడిటర్ మాయమై ఆజ్ఞాపంక్తి ప్రత్యక్షమవుతుంది. అక్కడ ఎఫ్‌జీ అని కొడితే అది తిరిగి వస్తుంది. నిలిచిన యంత్రం, పనిలో ఉన్న యంత్రం, చచ్చిన యంత్రం – మూడూ ఒకే ముఖం పెడతాయి. ఇందులో తప్పు టెర్మినల్‌దే ఎక్కువ గాని, ఎడిటర్ కూడా పెదవి విప్పదు.

నిజంగానే కొయ్యబారితే మరొక టెర్మినల్ నుంచి కిల్ ఆజ్ఞ ఇవ్వాలి. అంకె ఏదీ చేర్చకపోతే అది 15వ సంకేతాన్ని పంపుతుంది. విమ్ దానిని అందుకోగలిగితే, చేతిలోని పాఠాన్ని స్వాప్ ఫైలులో దాచి మరీ నిష్క్రమిస్తుంది. 9వ సంకేతానికి ఆ అవకాశమే లేదు. ప్రోగ్రాముకు ఒక్క క్షణం కూడా ఇవ్వకుండా కెర్నెల్ దానిని అంతం చేస్తుంది. తొందరపడి మొదటే 9 ప్రయోగించమనేవారి సలహా వినదగినది కాదు.

అంత జరిగినా నష్టం తరచు స్వల్పమే. ఇదే విమ్ గొప్పతనం. మామూలు అమరికలో 200 అక్షరాలు కొట్టినప్పుడల్లా, లేదా 4 సెకన్లు చేయి ఆగినప్పుడల్లా, స్వాప్ ఫైలుకు కొత్త రాత చేరుతుంది. ఆ ఫైలు పేరు ముందు చుక్క, చివర ఎస్‌డబ్ల్యూపీ ఉంటాయి. చుక్క మూలంగా మామూలు జాబితాలో కనిపించదు. చెత్త పేరుకొంటుందని ఈ ఏర్పాటునే ఆపివేసేవారు గలరు. ఇల్లు మురికి అవుతుందని ధాన్యపు గాదె పడగొట్టడం వంటిదది.

ఇంత చక్కగా దాచిన సాధనం, దాచినదానిని తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం తడబడుతుంది. ఫైలును మళ్ళీ తెరవగానే తెర నిండా హెచ్చరిక వస్తుంది. చదవడానికి మాత్రమే తెరువు, ఎట్లాగైనా దిద్దు, కోలుకొనేటట్లు చేయి, తొలగించు అంటూ దారులన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. భయపడిన మనిషికి ‘తొలగించు’ శుభ్రమైన మార్గంగా తోస్తుంది. దానితో మిగిలిన రాత కాస్తా పోతుంది. సరైన దారి పట్టి కోలుకొన్నా ఆ పాత స్వాప్ ఫైలు దానంతట అది పోదు. మరునాడు అదే హెచ్చరిక చూసి మళ్ళీ కోలుకొనే ప్రయత్నం చేస్తే, కొత్తగా దిద్దినదాని స్థానంలో పాత పాఠం వచ్చి కూర్చుంటుంది. నానో అనే చిన్న ఎడిటర్ 15వ సంకేతం అందగానే ఫైలు పేరు చివర ‘సేవ్’ చేర్చి మామూలు పాఠంగానే రాసిపెడుతుంది. ఏ ఎడిటర్‌తోనైనా దానిని చదవవచ్చు. విమ్ దాచిన ఫైలు అట్లా నేరుగా చదవడానికి వీలైనది కాదు. దాచడంలో విమ్ నేర్పు ఎక్కువ, చెప్పడంలో నానోది స్పష్టత.

ఆ ఉపాధ్యాయుడు చేయవలసినది ఇది: విమ్ అని కొట్టి, మైనస్ ఆర్, ఆ తరువాత ఫైలు పేరు ఇవ్వాలి. వచ్చిన పాఠాన్ని వేరొక పేరుతో భద్రపరచి, డిఫ్ ఆజ్ఞతో పాతదానితో పోల్చి చూసుకోవాలి. అంతా సరిగా ఉన్నదనుకొన్న తరువాతనే స్వాప్ ఫైలును తుడిచివేయాలి.