తీర్పు చెప్పని సలహా

బ్రిటన్‌లో వైద్యుల రిజిస్టరును నిర్వహించే జనరల్ మెడికల్ కౌన్సిల్ ఒక వైద్యుడిపై తీవ్రమైన అభియోగం మోపితే, దానిని విచారించేది 2012లో మాంచెస్టర్ కేంద్రంగా ఏర్పడిన మెడికల్ ప్రాక్టీషనర్స్ ట్రిబ్యునల్ సర్వీస్. సాధారణంగా ముగ్గురు సభ్యులుండే ట్రిబ్యునల్‌లో వైద్యులూ, వైద్యేతరులూ కూర్చుంటారు గనుక వైద్యజ్ఞానానికీ లోకజ్ఞానానికీ లోటుండదు గాని, సాక్ష్యాన్ని ఏ ప్రమాణంతో తూచాలన్నది చట్టం తెలిసినవారే చెప్పాలి. ఆ పని కోసం ఏర్పడిన పదవే లీగల్ అసెసర్. అంటే సభ్యులకు చట్టపరమైన సలహా ఇస్తూ, విధానంలో పొరపాటు దొర్లబోతే జోక్యం చేసుకొని హెచ్చరిస్తూ, నిర్ణయంలో మాత్రం ఓటు లేని న్యాయవాది.

విచారణ మూడు మెట్లుగా సాగుతుంది: ఆరోపించిన సంగతులు రుజువయ్యాయా, అయితే వైద్యవృత్తి సాగించే యోగ్యత దెబ్బతిన్నదా, దెబ్బతింటే ఏ చర్య తగును. మొదటి మెట్టులో, ఈ సర్వీస్ ఏర్పడకముందు, 2008 వరకు క్రిమినల్ కోర్టుల్లోలాగా సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు కావలసి ఉండగా, ఆ తరువాత జరగకపోవడం కంటే జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలుననే సివిల్ ప్రమాణం వచ్చింది. జీవనోపాధి పోగొట్టగల తీర్పు ఇంత సన్నని గీత మీద ఆధారపడినప్పుడు, ఆ గీత ఎక్కడుందో గుర్తుచేసే సలహాదారు బాధ్యత చిన్నది కాదు.

ఆ సలహాకు విలువ తెచ్చేది పాండిత్యం కన్నా బహిరంగత. అప్పట్లో వైద్యులపై విచారణల్లో వచ్చిన నిర్ణయాల మీద అప్పీళ్లను వినే ప్రివీ కౌన్సిల్, అసెసర్ ఇచ్చిన సలహాపై వ్యాఖ్యానించే అవకాశం ఇరుపక్షాలకూ ఉండాలని 2000లో స్పష్టం చేసింది. సలహాను ట్రిబ్యునల్ తోసిపుచ్చితే ఆ సంగతిని, అందుకు కారణాలను నమోదు చేయాలని నిబంధనలూ కోరుతాయి. సలహా ఒకరిది, నిర్ణయం మరొకరిది కావడం వల్లనే రెండింటికీ మధ్య తేడా వస్తే అది కాగితం మీదికి ఎక్కుతుంది, అప్పీలుకు ఆధారమూ దొరుకుతుంది.

2015 చివరి నుంచి న్యాయ అర్హత గల ట్రిబ్యునల్ అధ్యక్షుడే ఈ సలహా బాధ్యతను కూడా వహించే వీలు కలగడంతో, వేరొకరిని నియమించే ఖర్చు తప్పింది గాని, సలహాదారూ నిర్ణేతా ఒక్కరైన చోట ఆ తేడా బయటికి కనిపించే దారి ఇరుకైంది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న వైద్యులకూ ఇది వర్తించే ఏర్పాటే గనుక, అధ్యక్షుడు సభ్యులకు వివరించిన చట్టం తీర్పులో పూర్తిగా, పరీక్షకు నిలిచేలా ఉండాలని పట్టుబట్టడమే పాత పద్ధతి ఇచ్చిన రక్షణను కొత్త పద్ధతిలో నిలబెట్టుకొనే మార్గం.